తోడు తీసి పెట్టుకున్నారా?

పెరుగు గిన్నె కడిగే ముందు మనం ఏం చేస్తాం? అడుగున చెంచాడు పెరుగున్నా సరే, తోడుకి తీసి పక్కన పెడతాం. కొత్త పాలు తోడుకున్నాయో లేదో చూసుకోకుండా పాత పెరుగంతా ఊడ్చేసే ఇల్లాలు ఉండదు. నాకు పెళ్ళయి పాతికేళ్ళు దాటింది. తోడు లేక పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటిదాన్ని, కంప్యూటరు దగ్గర ఆ బుద్ధి లేకపోయింది. దాంతో మా అమ్మ పాట పోగొట్టుకున్నాను.

వంటల పేజీల పక్కన కంప్యూటరు గోలేమిటని ముక్కున వేలేసుకోకండి. ఇప్పుడు మనందరి ఇళ్ళల్లోనూ పెళ్ళి ఆల్బమ్‌లూ, పిల్లల బారసాలలూ, ఇంటి కాగితాలూ అన్నీ అందులోనే కదా ఉన్నాయి! నేను ఇంటర్మీడియెట్ సి.ఇ.సి. దాకానే చదివాను. నాకు అర్థమైన సంగతి మీకు అర్థం కాకుండా ఉండదు.

మేం ఎల్.బి.నగర్‌లో ఉంటాం. మా చెల్లెలు వాళ్ళది దిల్‌సుఖ్‌నగర్. 2018 సెప్టెంబరులో మెట్రో మా ఎల్.బి.నగర్ దాకా వచ్చాక మా ఇద్దరి రాకపోకలూ సులువయ్యాయి. మధ్యలో విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి – రెండే స్టేషన్లు. పులుసు పొయ్యి మీంచి దింపి క్యారేజీలో పోసుకుని వెళితే, వేడి తగ్గకుండా దాని వంటింట్లో పెట్టొచ్చు.

అంతకు ముందు చెల్లెలు వాళ్ళు సరూర్‌నగర్ చెరువు దిగువన కింది అంతస్తులో అద్దెకుండేవారు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో పడిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. చెరువు పొంగి కింది కాలనీలన్నీ మునిగాయి. చెల్లెలింట్లో మంచం కోళ్ళు మునిగాయి. బియ్యం పోతే బియ్యం కొనుక్కున్నారు, పరుపు పోతే పరుపు కొనుక్కున్నారు. కానీ బీరువా కింది అరలో ఉన్న దాని పెళ్ళి ఆల్బమ్ నీళ్ళల్లో నాని పేజీలు అట్టముక్కల్లా అంటుకుపోయాయి. ఒక్కొక్క ఫొటో విడదీస్తుంటే మొహాలు చేతికి అంటుకొచ్చాయి. "అక్కా, మీ ఇంట్లో కూడా ఒక కాపీ ఉంటే బాగుండేదే" అని అది అన్న మాట నా మనసులో పడిపోయింది.

ఆ భయంతోనే మర్నాటి సంవత్సరం ఒక టెరాబైటు హార్డ్ డిస్కు కొన్నాం. మన అరచేతిలో పట్టేంత పెట్టె. ఇంట్లో ఫొటోలన్నీ స్కాన్ చేయించి కంప్యూటర్లో పెట్టాం. కంప్యూటర్లో ఉన్నదంతా నెలనెలా డిస్కులోకి కాపీ చేసే పద్ధతి మా అబ్బాయి నేర్పించి బెంగళూరు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. దీన్నే ఫుల్ బ్యాకప్ అంటారు. ప్రతి నెలా ఒకటో తారీఖున మావారు ఆఫీసుకి వెళ్ళాక కేబుల్ తగిలించి, ఆ బటన్ నొక్కి, వంట చేసుకునేదాన్ని. పప్పు ఉడికి, చారు కాగి, కూర వేగినా అది ఇంకా అవుతూనే ఉండేది.

నాలుగే పట్టిన బీరువా

ఒక టెరాబైటంటే వెయ్యి గిగాబైట్లని పెట్టె మీద రాసుంది. తీరా కంప్యూటర్‌కి తగిలిస్తే 931 అని చూపించింది. షాపువాడు మోసం చేశాడేమోనని రెండ్రోజులు నాకు నిద్ర లేదు. మోసం కాదట. తయారుచేసేవాళ్ళు వెయ్యికొకటి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1,024కి ఒకటి చొప్పున లెక్కేస్తుంది. అమ్మమ్మ వాళ్ళ ఊరి మానికా, పక్క ఊరి మానికా ఒకటి కానట్టే అనుకోండి. ధాన్యం అదే, లెక్క వేరు.

మా కంప్యూటర్లో సరుకు 210 గిగాబైట్లు. నాలుగు నెలలు నాలుగు ఫుల్ బ్యాకప్‌లు తీస్తే 840 అయింది. మిగిలింది 91. అయిదోది పట్టదు. అయిదో నెల "చోటు చాలదు" అని ఎర్ర అక్షరాలొచ్చాయి. అబ్బాయికి ఫోన్ చేశాను. వాడు ఆఫీసు హడావుడిలో ఉన్నాడు. "అన్నిటికంటే పాతది డిలీట్ చేసెయ్ అమ్మా, చోటొస్తుంది" అన్నాడు.

బాగానే ఉంది కదా అనిపించింది. అప్పటినుంచి ప్రతి నెలా అదే. పాతదొకటి తీసెయ్యడం, కొత్తదొకటి పెట్టడం. డిస్కులో ఎప్పుడు చూసినా నాలుగు కాపీలు. నాలుగున్నాయి, ఇంకేం భయమని నేను గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాను. తప్పంతా అక్కడే ఉంది. అదెలాగో చెబుతాను.

2023 మే నెలలో అమ్మ మా ఇంటికి వచ్చింది. ఆవకాయ పెట్టే రోజున, "ఎప్పుడూ నన్నడగడమే కానీ నీకు కొలతలు రావే" అని మొట్టికాయ వేసింది. సరేనని ఫోన్లో వీడియో తీశాను. ఇత్తడి గిన్నె చేత్తో పట్టుకుని, "ఇదిగో, ఈ గిన్నెకి ఒకటి కారం, ఒకటి ఆవపిండి, ఉప్పు మాత్రం ముప్పాతిక" అంటూ చూపించింది. ఆ సాయంత్రమే పై పోర్షన్ వాళ్ళ పసివాడు ఏడుస్తుంటే ఒళ్ళో వేసుకుని, మా చిన్నప్పుడు మాకు పాడిన జోలపాట పాడింది. అదీ తీశాను. రెండు వీడియోలూ కలిపి పది నిమిషాలుండవు.

ఫోన్లో చోటు లేదని అవి కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లోంచి తీసేశాను. ఇంటర్‌నెట్‌లో దాచుకునే గూగుల్ ఫొటోస్ అప్పటికే నిండిపోయింది. ఒకప్పుడు అక్కడ ఎన్ని ఫొటోలైనా ఊరికే పెట్టుకోనిచ్చేవారు కానీ, 2021 జూన్ 1 తర్వాత పెట్టినవన్నీ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్ల లెక్కలోకే వస్తున్నాయి. జూన్‌లో చెల్లెలు ఆవకాయ కొలతలడిగితే ఆ ఒక్క వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను.

సెప్టెంబరులో వినాయక చవితి ముందు ఇల్లు దులిపాను. ఆ ఊపులో కంప్యూటరూ దులిపాను. "న్యూ ఫోల్డర్ 2", "న్యూ ఫోల్డర్ 3" అని రెండు కనిపించాయి. రెండూ ఒకటే అనుకున్నాను. మూడోది తీసేశాను, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. అమ్మ అందులో ఉంది.

ఆ సంగతి నాకు తెలీదు. నవంబరులో, కార్తీకమాసంలో అమ్మ వెళ్ళిపోయింది. ఆ రోజుల్లో వీడియోలు చూసే ధైర్యం ఎవరికి ఉంటుంది చెప్పండి? ఎక్కడికీ పోవులే, ఉన్నాయి కదా అనుకున్నాను.

2024 ఏప్రిల్లో మామిడికాయలొచ్చాయి. కారం, ఆవపిండి సిద్ధం చేసుకుని, అమ్మ చేతి గిన్నె ఎంతదో చూద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. లేదు. గుండె ఝల్లుమంది. అయినా నాలుగు బ్యాకప్‌లున్నాయి కదా అని డిస్కు తగిలించాను. ఏప్రిల్‌ది చూశాను, లేదు. మార్చిది, లేదు. ఫిబ్రవరిది, లేదు. జనవరిది, లేదు. నాలుగు బీరువాలు తెరిచి చూస్తే నాలుగింటిలోనూ అవే చీరలు, కావలసిన ఒక్క చీరా ఏ బీరువాలోనూ లేదు.

కాగితం మీద నెలలు రాసుకుని లెక్క వేశాను. నేను ఫోల్డరు తీసేసింది సెప్టెంబరు మధ్యలో. సెప్టెంబరు ఒకటో తారీఖు కాపీలో అమ్మ ఉంది. ఆ కాపీని నేను డిలీట్ చేసింది జనవరి ఒకటో తారీఖున. అంటే అమ్మ పోయిన రోజుకి ఆ రెండు వీడియోలూ నా బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఆమె పోయిన తర్వాత, కొత్త సంవత్సరం నాడు, వాకిట్లో ముగ్గేసి వచ్చి, నా చేత్తో నేనే తుడిచేశాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో పోయిన ఫైళ్ళు వెనక్కి తెచ్చే షాపుకి చెల్లెలు తీసుకెళ్ళింది. అక్కడి కుర్రవాడు మంచివాడు. డిస్కు ఒక పూట ఉంచుకుని పరీక్ష చేసి, "డబ్బులొద్దు ఆంటీ, రాదు" అని చెప్పేశాడు. డిస్కులో పాత కాపీ ఉన్న చోట కొత్త కాపీలు రాసేశాం కాబట్టి పలక తుడిచి మళ్ళీ రాసినట్టేనట. ఇక కంప్యూటర్లో ఉన్నది ఎస్.ఎస్.డి. అనే కొత్త రకం. అందులో మనం డిలీట్ చేసిన చోటుని అదే శుభ్రం చేసేసుకుంటుందట, ఆనవాలు దొరకడం దాదాపు అసాధ్యమట. మెట్రో స్టేషన్ మెట్ల మీద చెల్లెలు, నేను కాసేపు కూర్చుండిపోయాం. అప్పుడు దానికి పెన్‌డ్రైవ్ గుర్తొచ్చింది.

ఆవకాయ దొరికింది. జోలపాట దొరకలేదు.

ఎన్ని ఉన్నాయని కాదు, ఎంత వెనక్కి ఉన్నాయని

అబ్బాయి ఆ శని, ఆదివారాలు వచ్చాడు. వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. "నువ్వు చెప్పింది తప్పు కాదురా, నేను అడిగింది సరిపోలేదు" అన్నాను. ఇద్దరం కూర్చుని మొదటినుంచీ చూశాం. ఆ రెండు రోజుల్లో నాకు తెలిసినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది. నెలకొకటి చొప్పున నాలుగు కాపీలంటే నాలుగు నెలల జ్ఞాపకం, అంతే. మనం పొరపాటున ఏదైనా తీసేసి, ఆ సంగతి నాలుగు నెలల్లోగా కనిపెట్టకపోతే అది శాశ్వతంగా పోయినట్టే. పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ గొంతులు ఎవరం నెలనెలా చూస్తాం? ఏడాదికోసారి చూసే వాటిని నాలుగు నెలల బీరువాలో దాస్తే ఎలా? అదే నాలుగు కాపీలు మూడు నెలలకొకటి చొప్పున తీసి ఉంటే ఏడాది పాటు జ్ఞాపకం ఉండేది. చోటు అంతే, డిస్కు అదే. ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చయ్యేది కాదు.

రెండోది. నెలనెలా 210 గిగాబైట్లూ మళ్ళీ మళ్ళీ కాపీ చెయ్యడమే దండగ. నెలలో కొత్తగా చేరేది నాలుగు గిగాబైట్లు కూడా ఉండదు. పప్పు డబ్బాలో పావుకిలో తగ్గిందని నెల సరుకులన్నీ మళ్ళీ తెచ్చుకుంటామా? మారినవి మాత్రమే కాపీ చేసే పద్ధతులు రెండున్నాయి.

వీటిని పాల లెక్కతో చెబితే తేలిగ్గా తెలుస్తుంది. కేలండర్లో ఒకటో తారీఖున పాత బాకీ అంతా రాసుకుంటాం. అది ఫుల్ బ్యాకప్. ఆ తర్వాత ఏ రోజు ఎన్ని ప్యాకెట్లు తీసుకున్నామో ఆ రోజు గడిలో అంతవరకే రాస్తే, అది ఇంక్రిమెంటల్. చాలా తక్కువ చోటు పడుతుంది. కానీ నెలాఖరున మొత్తం తేలాలంటే అన్ని గడులూ ఉండాలి. మధ్యలో ఒక గడి మీద నూనె పడితే అక్కడినుంచి లెక్క తప్పుతుంది. అలా కాకుండా, ప్రతి రోజూ "ఒకటో తారీఖు నుంచి ఇవాళ్టి దాకా ఇన్ని" అని మొత్తం రాసుకుంటూ వెళితే, అది డిఫరెన్షియల్. చోటు కాస్త ఎక్కువ పడుతుంది కానీ, మొదటి లెక్కా, చివరి గడీ ఉంటే చాలు.

రెండింటికీ ఒకటే నియమం. ఒకటో తారీఖు లెక్క చింపెయ్యకూడదు. "పాతది కదా" అని అడుగున ఉన్న ఫుల్ బ్యాకప్ తీసేశారంటే దాని మీద పేర్చిన చిన్న కాపీలన్నీ ఎందుకూ కొరగావు. తీస్తే ఆ ఫుల్, దాని మీదివీ అన్నీ కలిపి ఒక కట్టగా తియ్యాలి. లేదా ముట్టుకోకూడదు.

మూడోది. ఏది దాచాలో తేల్చుకోవాలి. మా 210లో 50 గిగాబైట్లు సినిమాలూ, మళ్ళీ ఎప్పుడు కావాలంటే అప్పుడు దింపుకోగల సాఫ్ట్‌వేర్లూను. వాటిని బ్యాకప్ జాబితాలోంచి తీసేస్తే 160 అయింది. ఒక్కొక్క కాపీకి 50 మిగిలితే నాలుగు కాపీలకి 200 మిగిలినట్టే కదా! "గుడ్ మార్నింగ్" బొమ్మలు వందలకొద్దీ ఉన్నాయి కానీ, అవన్నీ కలిపినా చోటు పెద్దగా రాదు. చోటు తినేవి వీడియోలే. అందుకని ముందు పెద్దవేమిటో చూడండి. మరో మాట. నాలా పేరు చూసి తియ్యకండి, తెరిచి చూసి తియ్యండి. ఇప్పుడు మా ఇంట్లో "న్యూ ఫోల్డర్" అనేది లేదు. అన్నిటికీ మనుషుల పేర్లూ, సంవత్సరాలూ పెట్టేశాను.

కుదించి దాచే పద్ధతి ఉంది కదా అని నేనూ అడిగాను. చలికాలం పోయాక రజాయిల్ని సంచిలో పెట్టి గాలి తీసేస్తే సగమవుతాయి. అదే సంచిలో స్టీలు గిన్నెలు పెట్టి గాలి తీస్తే తగ్గుతాయా? ఉత్తరాలు, లెక్కల కాగితాలు రజాయిల్లాంటివి, బాగా కుదుస్తాయి. ఫోన్లో తీసిన ఫొటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి స్టీలు గిన్నెల్లాంటివి. వాటి మీద ఆశ పెట్టుకోకండి.

తాత, తండ్రి, కొడుకు

కంప్యూటర్లవాళ్ళకి చాలాకాలంగా ఒక పద్ధతి ఉందట. దాని పేరు వింటే నవ్వొచ్చింది: తాత–తండ్రి–కొడుకు. రోజువారీ కాపీలు కొడుకులు, అవి తొందరగా మారిపోతుంటాయి. వారం కాపీలు తండ్రులు. నెల కాపీ తాత, ఆయన్ని ఎక్కువ కాలం కదపరు. యాపిల్ కంప్యూటర్లలో టైమ్ మెషీన్ అనేది కూడా ఇంచుమించు ఇలాగే చేస్తుంది. గడిచిన రోజుకి గంటకొకటి, గడిచిన నెలకి రోజుకొకటి, అంతకు ముందరివి వారానికొకటి ఉంచుకుని, డిస్కు నిండితే అన్నిటికంటే పాతవి తీసేస్తుంది. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అని ఉంది. పాతవి ఎంతకాలం ఉంచాలో అందులో మనమే చెప్పొచ్చు. ఏం చెప్పామో గుర్తుంచుకోవాలి, అంతే.

మా ఇంటికి తగ్గట్టు నేనూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. మనకి తారీఖుల కంటే పండగలు బాగా గుర్తుంటాయి కదా! సంక్రాంతి, ఉగాది, బోనాలు, దసరా – నాలుగూ ఇంచుమించు మూడేసి నెలల ఎడంలో వస్తాయి. ఈ నాలుగింటికీ నాలుగు ఫుల్ బ్యాకప్‌లు. మధ్యలో ప్రతి ఆదివారం చిన్న కాపీ, ఒక గిగాబైటు దాటదు.

ఇంటి డిస్కులో చివరి రెండు పండగల కట్టలుంటాయి. ఒక్కొక్కటి 160, దాని మీద పన్నెండు వారాలకి 12, మొత్తం 172. రెండూ 344. వాటితో పాటు తాతగారి స్థానంలో ఒక పాత సంక్రాంతి కాపీ, 160. అంతా కలిపితే 504. కొత్త సంక్రాంతి కాపీ రాగానే పాత సంక్రాంతిని తియ్యను. బోనాల దాకా ఉంచుతాను. అలా అయితే నేను ఎప్పుడు వెనక్కి చూసినా తక్కువలో తక్కువ ఆరు నెలలు, ఎక్కువలో ఎక్కువ ఏడాదిన్నర కనిపిస్తుంది.

మరి 931లో 504 పోతే మిగతాదంతా ఖాళీగా ఎందుకు? ఇక్కడే తోడు సంగతి వస్తుంది. ఇదివరకు డిస్కు అంచుదాకా నింపేసి, కొత్తది పెట్టాలంటే ముందు పాతది తీసేసేదాన్ని. కాపీ అవుతుండగా కరెంటు పోయినా, కేబుల్ ఊడినా పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఇప్పుడలా కాదు. ఇంకొక ఫుల్ బ్యాకప్ పట్టే చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. 504కి 160 కలిపితే 664. కొత్తది పూర్తయి, అందులోంచి ఒక ఫైలు తెరిచి చూసుకున్నాకే పాతదాని జోలికి వెళతాను. పెరుగు తోడుకుందని చూసుకున్నాకే పాత గిన్నె కడగడం అన్నమాట.

ఇది జన్మంతా సరిపోయే లెక్క కాదండోయ్. వారానికొక గిగాబైటు చేరితే ఏడాదికి 50 పెరుగుతుంది. నాలుగు కాపీలకీ కలిపి 200. అందుకని ఏడాదికోసారి లెక్క తిరగవేసుకోవాలి. చాలకపోతే పెద్ద డిస్కు కొనుక్కోవాలి. అప్పుడు కూడా పాతది పారెయ్యక్కర్లేదు, తాతగారికి ఇల్లుగా పనికొస్తుంది.

చెల్లెలింటి అటక

ఒక డిస్కుతో ఆపితే వరద సంగతి మరిచిపోయినట్టే. కంప్యూటరూ, డిస్కూ ఒకే గదిలో ఉంటే నీళ్ళొచ్చినా, దొంగలొచ్చినా రెండూ పోతాయి. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ వ్యాప్తిలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇదే చెబుతుంది: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంటి బయట. మా చెల్లెలు 2020లో ఆ తడిసిన ఆల్బమ్ ముందు కూర్చుని అన్నదీ అదే కదా!

అంచేత రెండో డిస్కు కొని దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లెలింట్లో పెట్టాను. వాళ్ళిప్పుడు రెండో అంతస్తులో ఉంటున్నారు. పండగకి వాళ్ళింటికి వెళ్ళే ముందు రోజు దాన్ని తెప్పించుకుని, కొత్త ఫుల్ కాపీ వేసి, మెత్తటి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, బొబ్బట్ల డబ్బాతో పాటు మెట్రోలో పట్టుకెళతాను. అందులో చివరి పండగదొకటీ, గడిచిన రెండు సంక్రాంతులవీ ఉంటాయి. అంటే మూడు 160లు, 480. ఇంకొకటి పట్టేందుకు చోటు సరేసరి. చెల్లెలి డిస్కు మా ఇంట్లో అటక పక్క బీరువాలో ఉంటుంది. ఇచ్చి పుచ్చుకోవడం మనకి కొత్తా ఏమిటి?

పని కాగానే డిస్కు ఊడదీసి పెట్టడం కూడా అలవాటు చేసుకోండి. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ నూట యాభై దేశాల దాకా పాకింది. కంప్యూటర్లో ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బులిస్తేనే తీస్తామంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటివి కంప్యూటర్‌కి తగిలించి ఉన్న డిస్కుని కూడా వదలవు. బీరువాలో ఉన్నదాని జోలికి మాత్రం రాలేవు.

ఇదంతా చదివి ఇన్ని లెక్కలు మావల్ల కాదనుకుంటున్నారేమో. నెలకి ఎంత నూనె, ఎంత గ్యాసు, చీటీపాట ఎంత, స్కూలు ఫీజు ఎంత అని లెక్కలు కట్టే మనకి ఇది ఒక లెక్కా? ముందు ఒక్క పని చెయ్యండి. ఈ ఆదివారం మీ డిస్కు తెరిచి, అందులో అన్నిటికంటే పాత కాపీ ఏ తారీఖుదో చూడండి. పోయిన ఏడాది ఈపాటికి ఉన్న ఫొటో ఒకటి అందులో దొరుకుతుందేమో వెతకండి. దొరికితే మీరు నాకంటే తెలివైనవారు. దొరక్కపోతే, ఏదీ డిలీట్ చెయ్యకుండా ముందు కాగితం మీద నెలలు రాసుకోండి.

పోయినసారి ఆవకాయ అమ్మ గిన్నెతోనే కొలిచి పెట్టాను. ఊళ్ళో తమ్ముడి ఇంట్లో అటక మీద ఉందా గిన్నె. వీడియోలో దాని అంచున సొట్ట కనిపించింది కాబట్టి ఇదేనని పోల్చుకోగలిగాను. జోలపాట మాత్రం చెల్లెలూ, నేనూ కలిసి గుర్తు చేసుకుంటున్నాం. దానికి మొదటి చరణం గుర్తుంది, నాకు రెండోది గుర్తుంది. మూడోది ఇద్దరికీ రావడం లేదు. వచ్చినంతవరకూ పాడి రికార్డు చేసి, అమ్మ పేరు పెట్టి రెండు డిస్కుల్లోనూ దాచాం.

పండగ పండగకీ కొత్త కాపీ పూర్తయ్యాక ఏదో ఒక ఫైలు తెరిచి చూసుకోవాలని చెప్పాను కదా. నేను తెరిచేది ఎప్పుడూ ఒకటే. ఇత్తడి గిన్నె చేత్తో పట్టుకుని అమ్మ "ఉప్పు మాత్రం ముప్పాతిక" అంటుంది. ఆ మాట విన్నాకే పాత కాపీ తీసేస్తాను.